ఎనిమిదో లేన్ పక్కన రెండో బెజ్జం

పోయిన వారం అగ్నియాను మోకాళ్ళ మీద వదిలేసి వచ్చాం. మా పెర్మ్ ఊరి నదిఒడ్డు ఈతకొలనులో, ఎనిమిదో లేన్ పక్కన నేలమీద పరిచిన రబ్బరు పట్టాను రెండు చేతులతో ఎత్తి పట్టుకుని, దాని కింద బయటపడ్డ బెజ్జం కేసి చూస్తూ ఉండిపోయింది. ఇత్తడి అంచున్న బెజ్జం. జెండాల తాడు కట్టే గడ సరిగ్గా దిగే బెజ్జం. గడ ఉండాల్సిన చోటు నుంచి గోడవైపుకు ఒక పెద్ద అంగ దూరంలో ఉంది.

కథ ఇవాళే మొదలుపెట్టినవాళ్ళు కంగారు పడక్కర్లేదు, సంగతి చిన్నదే. వెల్లకిల ఈత ఈదేవాళ్ళకు రాబోయే గోడ కనిపించదు. కళ్ళు పైకప్పు వైపు ఉంటాయి. అందుకే గోడకు కాస్త ముందుగా, నీళ్ళకు అడ్డంగా ఒక తాడు కట్టి దానికి చిన్న చిన్న జెండాలు వేలాడదీస్తారు. జెండాలు కళ్ళ మీదుగా దాటగానే బారలు లెక్కపెట్టుకోవడం మొదలుపెడతారు. ఎవరి లెక్క వాళ్ళది, చిన్నప్పటి నుంచీ ఒంట్లో ఇంకిపోయిన లెక్క. అది పూర్తవగానే చేతికి గోడ తగులుతుంది. ఆ తాడును నమ్మకపోతే వెల్లకిల ఈతే లేదు.

తొమ్మిదేళ్ళ కింద జాతీయ జట్టు ఎంపిక పోటీలు ఈ కొలనులోనే జరిగాయి. అగ్నియా లప్తేవాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ముందు రౌండు జ్వరంతో ఈది చివరి స్థానంలో ఫైనల్‌కు వచ్చింది కాబట్టి అంచున ఉన్న ఎనిమిదో లేన్ ఇచ్చారు. ఫైనల్లో మాత్రం అందరికంటే ఒక మనిషి పొడవు ముందుంది. జెండాలు దాటాయి, లెక్క మొదలైంది, లెక్క పూర్తికాకముందే గోడ వచ్చేసింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది, నుదురు చిట్లింది. ఆ ఏడు జట్టులోకి గ్లేబ్ అర్కాదియెవిచ్ దగ్గర నేర్చుకున్న పిల్ల వెళ్ళింది. దాంతో గ్లేబ్ మా ప్రాంతానికి ముఖ్య శిక్షకుడైపోయాడు. అగ్నియాకు మాత్రం ‘గోడపిల్ల’ అని పేరు మిగిలింది.

“జెండాలు వాలుగా ఉన్నాయి” అని ఆస్పత్రి మంచం మీద నుంచి మొత్తుకుంది. ఎవరూ వినలేదు. పోటీ అయ్యాక రిఫరీ టేపు పట్టి కొలిస్తే తాడు ఉండాల్సిన చోటే ఉంది. “పోటీని చూసి భయపడింది, లెక్క తప్పింది, పాపం” అని గ్లేబ్ పేపరువాళ్ళతో చెప్పాడు. ఆ ‘పాపం’ అనే మాటను మాత్రం నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. కథ చెప్పేవాళ్ళు ఒకవైపు మొగ్గకూడదంటారు. అననివ్వండి.

నమ్మింది ఒక్క మనిషే. కపితొలీనా జఖారొవ్నా. అగ్నియాకు ఆరేళ్ళప్పుడు నీళ్ళలో వెల్లకిలా పడుకోవడం నేర్పిన శిక్షకురాలు. కొలనులో పిల్లలందరికీ ఆవిడ కాపా పిన్ని. ఆస్పత్రిలో అగ్నియా పక్కన కూర్చుని చెంచాతో సూపు పట్టింది ఆవిడే. మళ్ళీ ఈదు అని అగ్నియాను ఇరవయ్యేడో ఏట నీళ్ళలోకి దించింది కూడా ఆవిడే. వసంతంలో ఎంపిక పోటీలున్నాయి.

ఇక ఆ ఆదివారం ఉదయానికి వద్దాం.

కొలను ఇంకా తెరవలేదు. అద్దాల అవతల కామా నది గట్టిగా గడ్డకట్టి ఉంది, దానిమీద చేపలు పట్టేవాళ్ళు పీటలు వేసుకుని కూర్చున్నారు. అగ్నియా జెండాల గడను భుజాన పెట్టుకుని ఎనిమిదో లేన్ పక్కన నిలబడింది. రబ్బరు పట్టా మడిచి ఉంది. కాళ్ళ దగ్గర రెండు బెజ్జాలు.

“ఆ గడ నాకిచ్చెయ్. రోజూ కట్టేదాన్ని నేను కడతాను” అంది కాపా పిన్ని.

“ఇవాళ నేనే కడతాను పిన్నీ.”

“ఏ బెజ్జంలో?”

అగ్నియా గడను ఇంకో భుజానికి మార్చుకుంది.

“చూడు అగ్నాశా, ఈ పగ నీకెందుకు చెప్పు. వసంతంలో గెలువు. ఆ గ్లేబ్ చెంప పగలడానికి అది చాలు. సుసాన్నాను కూడా పిలిచావంట, ఎందుకు?”

“వాడి మనవరాలి బ్యాడ్జి పండగకు పెద్ద రిఫరీ లేకపోతే ఎలా?” అని నవ్వింది అగ్నియా. ఆ నవ్వు కళ్ళదాకా రాలేదు. “తొమ్మిదేళ్ళు పిన్నీ. నేను బజారుకెళ్తే పిల్లలు గోడమీద తల బాదుకున్నట్టు నటించి చూపిస్తారు. నువ్వు చూశావుగా. నా పెళ్ళి చెడింది, చెయ్యి చెడింది, పేరు చెడింది. వాడు నలుగురిలో నిజం ఒప్పుకోవాలి. నాకింకేం అక్కర్లేదు.”

“ఈ రెండో బెజ్జం సంగతి ఎవరికైనా చెప్పావా?”

“నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. చెప్పను కూడా.”

కాపా పిన్ని టోపీ తీసి నుదురు తుడుచుకుంది. ఆవిడ వెళ్ళాక అగ్నియా గడను దించింది. ఏ బెజ్జంలో దించిందో మాత్రం ఇప్పుడే చెప్పను. దించాక పట్టా మామూలుగా పరిచేసి, పిల్లలు ఈత నేర్చుకునే తేలుడు పలకలు బోలెడన్ని తెచ్చి గడ మొదలు కనబడకుండా చుట్టూ పేర్చేసింది.

మధ్యాహ్నానికి కొలను గట్టున, ఒకటో లేన్ వైపు, పొడవాటి బల్ల వేశారు. క్యాబేజీ కూరిన పెద్ద రొట్టె, ఊరవేసిన దోసకాయలు, ఉల్లిచక్రాలు పరిచిన ఉప్పు చేప, పెద్దవాళ్ళకు వోద్కా. పండగ ఉల్యానాది. గ్లేబ్ మనవరాలు, పదిహేడేళ్ళ పిల్ల, వెల్లకిల ఈతలో క్రీడా మాస్టర్ హోదా బ్యాడ్జి సంపాదించింది. మాకు బ్యాడ్జి వస్తే కడగాలి. గ్లాసులో పోసిన మందులో దాన్ని వేసి, తాగి, చివర్లో పళ్ళతో పట్టి పైకి తీయాలి. కడగని బ్యాడ్జి నిలవదంటారు. ఉల్యానాకు ఇంకా వయసు చాలదు కాబట్టి గ్లాసులో ఎర్రటి పళ్ళరసం పోశారు.

“ఇదేం కడగడం తాతయ్యా, జలుబు మందులా ఉంది” అని మూతి ముడుచుకుంది ఆ పిల్ల.

“వచ్చే ఏడు అసలుది పోస్తాను, తాగుదువుగాని” అన్నాడు గ్లేబ్. తెల్ల చొక్కా, కొత్త సూటు, మెరిసే బూట్లు. అరవై దాటినా నిటారుగా ఉంటాడు. గ్లాసు పైకెత్తాడు. “ఉల్యా, ఈ తాత దీవెన ఒక్కటే. నీ దారిలో గోడలు తిన్నగా ఉండాలి. కొంతమందికి గోడలే లేచి ఎదురొస్తాయట. లెక్కలు రానివాళ్ళకు ఎప్పుడూ గోడదే తప్పు.”

బల్ల చుట్టూ నవ్వులు లేచాయి. అగ్నియా వైపు చూసి మరీ నవ్వారు. అగ్నియా కూడా నవ్వింది. గ్లాసు పట్టుకుని లేచింది.

“నేనూ రెండు మాటలు చెప్పొచ్చా, అర్కాదిచ్?”

“చెప్పమ్మా, చెప్పు. పండగ పూట కాదంటామా?” అన్నాడు గ్లేబ్.

“ఇంతమందికి ఈత నేర్పిన ఒక శిక్షకుడి కోసం తాగుతున్నాను. మంచివాడు. చిన్నప్పుడు మేమంతా ఆయన్ను చూసి నిటారుగా నడవడం నేర్చుకున్నాం.” ఆ మాట అని గ్లాసు ఎవరి గ్లాసుకూ తాకించకుండా, నిలబడే, ఒక్క గుక్కలో తాగేసింది.

నవ్వులు ఆగిపోయాయి. తాకించకుండా తాగితే పోయినవాళ్ళ కోసం తాగినట్టు. బల్ల దగ్గర పసిపిల్లకు కూడా తెలిసిన సంగతే. గ్లేబ్ ముఖం కందిపోయింది.

“నేనింకా బతికే ఉన్నాననుకుంటా” అన్నాడు.

“నేను శిక్షకుడి సంగతి చెప్పాను. ఆయన పోయి తొమ్మిదేళ్ళయింది.”

“ఇదిగో, గొడవలొద్దు” అంది సుసాన్నా ల్వోవ్నా, బల్ల చివర నుంచి. అప్పుడూ ఇప్పుడూ మా ప్రాంతానికి పెద్ద రిఫరీ ఆవిడే. శిక్షకుల్లో ఎవరు గట్టు మీద నిలబడాలో ఎవరు నిలబడకూడదో చివరి మాట ఆవిడది. తొమ్మిదేళ్ళ కింద టేపు పట్టి కొలిచింది కూడా ఆవిడే. “పిల్ల పండగ ఇది. మీ పాత కక్షలు బయట చూసుకోండి.”

“కక్షలేం లేవండీ. నాకో చిన్న కోరిక” అంది అగ్నియా. “కొత్త మాస్టర్‌తో ఒక్కసారి ఈదాలని. ఆ చివర నుంచి ఈ చివరకు. ఒక్క పొడవు. నేనేమో ముసలిదాన్ని, గోడపిల్లను. ఉల్యాకు భయమైతే వద్దులెండి.”

“నాకా భయం?” అని పిల్ల అప్పటికే పైచొక్కా విప్పేస్తోంది. మాస్టర్లయిన కొత్తలో ఎవరికైనా అంతే, ఈత దుస్తులు లోపలే ఉంటాయి. “మీరే జాగ్రత్త అగ్నియా అక్కా. నేను మెల్లగా ఈదడం రాని మనిషిని.”

“మెల్లగా ఎవరు ఈదమన్నారు? ఉన్నదంతా పెట్టు. నువ్వు ఎనిమిదో లేన్, నేను ఏడు.”

గ్లేబ్ దోసకాయ ముక్క నోటిదగ్గర పెట్టుకుని ఆగాడు. “ఎనిమిదెందుకు? మధ్యలో ఈదండి.”

“మధ్యలో పొద్దున్న పిల్లల క్లాసు తాళ్ళు కట్టేశాం. విప్పాలంటే గంట పడుతుంది.” అగ్నియా తువ్వాలు కుర్చీమీద పడేసి, మెల్లగా, అందరికీ వినపడేలా అంది. “పైగా జెండాలు ఇవాళ నేనే కట్టాను, అర్కాదిచ్. పొద్దున్నే వచ్చి, నా చేతులతో కట్టాను.”

ఆ మాటకు మిగతావాళ్ళు తలకూడా ఎత్తలేదు. జెండాలు ఎవరు కడితే ఏంటి? గ్లేబ్ మాత్రం తల తిప్పి, కొలను అవతలివైపు, ఎనిమిదో లేన్ పక్కనున్న గడ కేసి చూశాడు. గడ మొదలు తేలుడు పలకల వెనక ఉంది. తర్వాత తాడు కేసి చూశాడు. పక్కనుంచి చూసేవాడికి ఏ తాడైనా వాలుగానే కనిపిస్తుంది.

“ఆ పలకలు అక్కడెందుకు పేర్చారు?” అన్నాడు.

“ఎక్కడో ఓచోట పేర్చాలిగా. ఏం, ఎనిమిదో లేన్‌లో ఏమైనా ఉందా?”

“ఏముంటుంది. ఏం లేదు.”

“మరి ఇంకేం. నీళ్ళు నీళ్ళే కదా.”

అతను మనవరాలి చెయ్యి పట్టుకున్నాడు. “ఉల్యా, నువ్విప్పుడే తిన్నావు. వద్దమ్మా. రేపు ఈదుదువుగాని.”

“తాతయ్యా, అందరూ చూస్తున్నారు. నా పరువు తీయకు” అని చెయ్యి విదిలించుకుని పిల్ల గట్టు వెంట ఆ చివరకు పరిగెత్తింది. అగ్నియా వెనకే నడిచింది. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఎందుకు వద్దో చెప్పడానికి గ్లేబ్‌కు నోరు రాలేదు. చెప్పాలంటే అన్నీ చెప్పాలి. అతన్ని అక్కడ అలా నిలబెట్టడానికే ఆమె ఇన్నేళ్ళు బతికింది.

ఇద్దరూ నీళ్ళలో దిగి, గోడకున్న పిడులు పట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని వేలాడారు. సుసాన్నా ల్వోవ్నా నవ్వుతూ ఈల ఊదింది.

ఉల్యానా ఈత చూడటానికి నిజంగా బాగుంటుంది. భుజాలు రెండూ తెడ్ల మాదిరి మారి మారి లేస్తాయి, తల మాత్రం కదలదు. సగం పొడవు వచ్చేసరికి అగ్నియా కంటే చెయ్యి ముందుంది. బల్ల దగ్గరున్నవాళ్ళు గ్లాసులు వదిలేసి గట్టుమీదికి వచ్చి అరుస్తున్నారు. గ్లేబ్ అరవట్లేదు. అతను గోడ అంచున ఎనిమిదో లేన్ వైపు నడుస్తున్నాడు. మొదట మామూలుగా నడిచాడు, తర్వాత గబగబా నడిచాడు. అందరూ పిల్లను చూస్తుంటే అతనొక్కడే తాడును చూస్తున్నాడు. మనవరాలు ఈదుతుంటే ఏ తాతైనా మనవరాల్ని కదా చూడాలి.

పిల్ల జెండాల దాకా వచ్చింది. ఇప్పుడు లెక్క మొదలవుతుంది. లెక్కలో ఉన్న పిల్లకు ప్రపంచం ఉండదు. పలకలు తోసి చూసే సమయం లేదు, గడ దగ్గరకు వెళ్ళే సమయం లేదు.

“ఉల్యా, ఆగు. లెక్కపెట్టకు, ఆగు. గడ రెండో బెజ్జంలో ఉంది. రెండో బెజ్జంలో పెట్టింది, ఆగవే.”

గ్లేబ్ అరుపు కొలనంతా వినిపించింది. వినాల్సిన పిల్లకు తప్ప. వెల్లకిల ఈదేవాళ్ళ చెవులు నీళ్ళలో ఉంటాయి. గ్లేబ్ అర్కాదియెవిచ్ కొత్త సూటు, బూట్లు, గడియారం, అన్నిటితో గోడకూ పిల్ల తలకూ మధ్య నీళ్ళలోకి దూకేశాడు.

ఉల్యానా తల తాత పొట్టకు తగిలింది. పక్క లేన్‌లో అగ్నియా, ఎప్పటిలాగే లెక్క పూర్తయ్యే బారకే చెయ్యి చాచి గోడను తాకింది. నుదుటి మీద నీళ్ళు తుడుచుకుని పైకి చూసింది. ఆమెకు ఏమీ కాలేదు. ఏడో లేన్‌కు ఏమీ కానప్పుడు ఎనిమిదో లేన్‌కు ఎలా అవుతుందన్నది నీళ్ళలో ఉన్న గ్లేబ్‌కు అప్పుడు తట్టింది. ముఖంలో రంగు పోయింది.

“తాతయ్యా, నీకేమైనా పిచ్చి పట్టిందా? గెలిచేదాన్ని” అని ఉల్యానా దగ్గుతూ అరిచింది. “బూట్లతోనా దూకేది?”

“పిన్నీ, టేపు తీసుకురా” అంది అగ్నియా నీళ్ళలోంచే. “సుసాన్నా ల్వోవ్నా గారు కొలుస్తారు. కొలవడం ఆవిడకు అలవాటే.”

కాపా పిన్ని టేపు తెచ్చింది. కొలిచారు. గోడ నుంచి జెండాల దాకా, ఆ పక్కా ఈ పక్కా, ఎంత ఉండాలో అంతే ఉంది. పలకలు తోసి చూస్తే గడ తన చోట తాను నిలబడి ఉంది. దాని పక్కన రబ్బరు పట్టా పరిచినట్టే ఉంది, ఏ బెజ్జమూ కనిపించట్లేదు.

పొద్దున్న అగ్నియా గడను మొదట రెండో బెజ్జంలోనే దించింది. అబద్ధమెందుకు, దించింది. దించి, చాలాసేపు చూసింది. ఆ పిల్ల మణికట్టు ఎలా విరుగుతుందో చప్పుడుతో సహా ఊహించుకుంది. అందులో ఆమెకు రుచి తెలిసింది కూడా. తర్వాత గడను పీకి మొదటి బెజ్జంలో పెట్టింది. పిల్లమీద జాలితో అనుకుంటే పొరపాటు. గోడకు గుద్దుకుంటే ఉల్యానా ఒక్కతే అరుస్తుంది. గుద్దుకోకపోతే గ్లేబ్ అరుస్తాడు.

సుసాన్నా ల్వోవ్నా టేపు వదిలేసి గట్టు అంచుకు వచ్చింది. నీళ్ళు కారుతున్న సూటుతో మెట్లమీద కూర్చున్న గ్లేబ్ ముందు నిలబడింది. “ఏ రెండో బెజ్జం, గ్లేబ్?”

“నోటికొచ్చింది అరిచాను. పిల్ల మీద భయంతో.”

“ఏ రెండో బెజ్జం అని అడిగాను.”

అగ్నియా నీళ్ళలోంచి పైకొచ్చింది. వంగి, రబ్బరు పట్టా అంచు పట్టుకుని, పర్రున వెనక్కి లాగింది. ఇత్తడి అంచు బయటపడింది. “ఇదిగోనండీ. ఒకప్పుడు నీటిబంతి ఆట వల కట్టడానికి తవ్వారట. నేను గోడకు గుద్దుకున్న వారానికే దీనిమీద పట్టా వేశారు. నేను కూడా పోయిన వారమే చూశాను. జెండాలు వాలుగా ఉన్నాయని అన్నాను తప్ప, గడ మారిందని నేను ఎప్పుడైనా అన్నానా? రెండో బెజ్జం అని నా నోట విన్నవాళ్ళు ఇక్కడ ఎవరైనా ఉన్నారా?”

ఉల్యానా తువ్వాలు కప్పుకుని తాత కేసి చూస్తోంది. పదిహేడేళ్ళ పిల్లలు అర్థం చేసుకోవడానికి ఎక్కువసేపు తీసుకోరు.

“తాతయ్యా, నీకెలా తెలుసు?”

ఆ ఒక్క ప్రశ్నకు అగ్నియా తొమ్మిదేళ్ళ నుంచి రాత్రీ పగలూ పదును పెట్టుకున్న మాటలన్నీ కలిపినా సరితూగవు. గ్లేబ్ తల దించుకున్నాడు. చలికో దేనికో పళ్ళు టకటకలాడుతున్నాయి.

“ఆ రోజు లెక్క తప్పలేదు” అంది సుసాన్నా ల్వోవ్నా. తనలో తాను అనుకుంటున్నట్టు మొదలుపెట్టి, అందరికీ వినపడేలా పూర్తి చేసింది. “లప్తేవా ఆ రోజు లెక్క తప్పలేదు. ఎవరో గడ మార్చి, నేను కొలిచేలోగా వెనక్కి పెట్టేశారు. నేను కొలిచాను, నమ్మాను. అందరూ వినండి. ఇకమీదట ఈ కొలనులో గోడపిల్ల అనే మాట నా చెవిన పడకూడదు.”

అగ్నియా ఏడవలేదు. ఈ మాట వినే రోజు ఎలా ఏడవాలో ఎన్నోసార్లు అనుకుంది గానీ, తీరా వచ్చాక ఏడుపు రాలేదు. కడుపు నిండింది, ఆకలి మాత్రం తీరలేదు.

“మాట చాలదండీ” అంది. “నా చెయ్యి మళ్ళీ తిన్నగా రాదు. ఆ గడ మార్చిన మనిషి ఇకమీదట ఏ కొలను గట్టునా నిలబడకూడదు. ఈ జన్మలో ఇంకో పిల్లకు ఈత నేర్పకూడదు. మీ చేతిలో పని అది. ఇంతమంది ముందు నాకు మాటివ్వండి.”

“ఎవరైనా సరే?” అంది సుసాన్నా.

“ఎవరైనా సరే.”

“ఇచ్చాను. రేపు పొద్దున్నే సంతకం పెడతాను. ఎవరి మాటా వినను.”

అప్పుడు గ్లేబ్ నవ్వాడు. ఓడిపోయినవాడి నవ్వే గానీ, అందులో ఏదో తేలిక ఉంది. బూటు విప్పి, అందులోని నీళ్ళు గట్టుమీద ఒంపాడు.

“చూశాను” అన్నాడు. “ఆ పొద్దున గడ రెండో బెజ్జంలో దించుతుంటే ఈ తలుపు దగ్గర నిలబడి చూశాను. నోరు మూసుకున్నాను. మా పిల్ల గెలుస్తుందని మూసుకున్నాను. ఆ తర్వాత నిన్ను తొమ్మిదేళ్ళు ఎగతాళి చేశాను, ఎందుకంటే నిన్ను నమ్మితే నన్ను నేను పట్టించుకోవాలి. దానికి నన్ను ఏం చేసినా పడతాను. కానీ అమ్మాయ్, గడ మార్చింది నేను కాదు.”

“ఇప్పుడు ఇంకెవరి మీద తోస్తారు?”

“ఎవరి మీదా తొయ్యను. ఆస్పత్రిలో నీ పక్కన కూర్చుని చెంచాతో నీకు సూపు పట్టిన చెయ్యే ఆ గడ దించింది.”

అగ్నియాకు నిజంగానే నవ్వొచ్చింది. మునిగిపోయేవాడు ఎవరి కాలైనా పట్టుకుంటాడు, వీడు మరీ దిగజారాడు అనుకుంది. ఇప్పుడు కాపా పిన్ని వచ్చి ఆ తడి చెంపమీద ఫెడీమని ఒకటిస్తుందని వెనక్కి తిరిగింది.

కాపా పిన్ని ఎనిమిదో లేన్ పక్కన నిలబడి టేపు చుడుతోంది. తల ఎత్తలేదు. నిదానంగా, మడత పడకుండా చుడుతోంది.

“పిన్నీ, వీడు చూడు ఏమంటున్నాడో.”

టేపు చుట్టడం ఆగలేదు.

“పిన్నీ. అబద్ధమని చెప్పు.”

ఆవిడ టేపు చుట్టడం పూర్తి చేసింది. దాన్ని పలకల మీద పెట్టింది. మెడలో ఉన్న ఈల తాడుతో సహా తీసి సుసాన్నా ల్వోవ్నా చేతిలో పెట్టింది. అప్పుడు అగ్నియా కళ్ళలోకి తిన్నగా చూసింది. ఆ కళ్ళలో సిగ్గు ఉంటుందేమోనని వెతికింది అగ్నియా. లేదు.

“ఆ పోటీ నువ్వు గెలవకూడదనే దించాను అగ్నాశా” అంది కాపా పిన్ని. “ఇవాళ మళ్ళీ ఆ రోజే వస్తే, మళ్ళీ ఆ బెజ్జంలోనే దించుతాను.”

ఎందుకో వచ్చే వారం.